పంచదార కలశ

ఆశ్రమం వాళ్ళ సుమో వచ్చి నర్సరీ గేటు దగ్గర ఆగేసరికి వెంకటదుర్గ మామిడి టెంకమొక్కల మడిలో గొంతుకూర్చుని కలుపు తీస్తోంది. ఆషాఢం ముసురు పట్టి మూడు రోజులైంది. కడియం మట్టి అడుగు వేస్తే కాలితోపాటే లేచి వస్తోంది. బండి దిగిన అమ్మాయికి పాతికేళ్ళుంటాయి. తెల్లటి నేత చీర, మెడలో తులసి పూసలు, చేతిలో ఫైలు. చెప్పులు బురదలో కూరుకుపోతే వాటిని అక్కడే వదిలేసి, వట్టి కాళ్ళతో నర్సరీ యజమాని దొరబాబు కూర్చున్న పాకలోకి వెళ్ళింది.

"నా పేరు ఫణిశ్రీ అండి. నిష్కామానంద స్వామివారి ఆశ్రమం నుంచి వచ్చాను. గోదారి గట్టున మామిడితోట వేయాలని స్వామివారి సంకల్పం. నూట ఎనిమిది మొక్కలు. అన్నీ పంచదార కలశే కావాలన్నారు."

"స్వామివారికి రకం పేరు కూడా తెలుసేంటండి?" అని నవ్వాడు దొరబాబు.

"ఆయనకి ప్రాణమండి ఆ పండంటే. వెంటనే తినరు. బుగ్గకి ఆనించుకుని కాసేపు వాసన చూసి, అప్పుడు తింటారు."

మడిలో దుర్గ చెయ్యి ఆగిపోయింది. మామిడిపండుని పసిపిల్లలా బుగ్గకి ఆనించుకునే మనిషి ఆమెకి తెలిసి ఈ భూమ్మీద ఒక్కడే.

"దుర్గమ్మా, ఇలా ఓసారి రా," అని దొరబాబు కేకేశాడు. "ఈవిడండి మీ మొక్కలకి అంటు కట్టేది. పన్నెండేళ్ళ నుంచి నా దగ్గరే ఉంది. ఏ చెట్టు పుల్ల కోసిందో నేనెప్పుడూ పక్కన నిలబడి చూడలేదు. అంత నమ్మకం."

ఆ మాట ఊరికే అన్నది కాదు. మామిడి అంటుమొక్క చిన్నప్పుడు ఏ రకమైనా ఒకలాగే ఉంటుంది. ఆకు చెప్పదు, కాండం చెప్పదు. నాలుగైదేళ్ళకి కాయ కాసి పండితేనే గుట్టు బయటపడేది. అందాకా ఆ మొక్క ఏ రకమంటే, కట్టిన మనిషి చెప్పిన రకమే.

ఫణిశ్రీ ఫైలులోంచి ఒక కరపత్రం తీసి రెండు చేతులతో దుర్గకి ఇచ్చింది. "కార్తీకంలో మొక్కలు నాటే రోజున స్వామివారి ప్రసంగం ఉందండి. మీరూ తప్పకుండా రావాలి." కరపత్రం మీద స్వామివారి బొమ్మ, కింద ప్రసంగం పేరు: ప్రేమ, కోరిక. గడ్డం పెరిగింది, జుట్టు నెరిసింది. కళ్ళు మాత్రం సొసైటీ గుమస్తా మురళీకృష్ణవే. దుర్గ మెడలో ఇంకా వేలాడుతున్న పుస్తెలు కట్టినవాడివే.

పన్నెండేళ్ళ కిందట పచ్చకామెర్లతో మూడు నెలలు మంచాన పడితే ఆమె అతనికి ఉప్పులేని పథ్యం వండి ముద్దలు కలిపి పెట్టింది. అతను తినలేనిది తనకి మాత్రం ఎందుకని తనూ ఉప్పు మానేసింది. లేచి నడవగలిగిన వారానికే అతను సంచీ సర్దుకుని గుమ్మంలో నిలబడి, "ఇన్నాళ్ళూ మన మధ్య ఉన్నది కోరికే దుర్గా. ప్రేమ వేరే ఉంది. దాన్ని వెతుక్కుంటూ పోతున్నాను," అన్నాడు. ఉప్పులేని అన్నం తిన్నవాడికి ఉప్పు తిన్న విశ్వాసం మాత్రం ఎక్కడినుంచి వస్తుంది? ఆ మాట ఆమెకి అప్పుడు తోచలేదు. తర్వాత పన్నెండేళ్ళూ రోజూ తోచింది.

"పెళ్ళాన్ని వదిలినవాడు మామిడిపండుని వదల్లేకపోయాడన్నమాట," అనుకుంది. కరపత్రాన్ని నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపుకుంది.

*

అంటు కట్టాలంటే వారం ముందే తల్లి చెట్టు మీద కొమ్మల చివర ఆకులు గిల్లి ఉంచాలి. అప్పుడు పుల్లలో చేవ మొగ్గలోకి చేరి ఉబ్బుతుంది. పంచదార కలశ తల్లి చెట్టు నర్సరీ నడిమధ్యన ఉంది. దుర్గ అక్కడికి వెళ్ళలేదు. పంపుషెడ్డు వెనక, ఎవరూ నాటకుండానే మొలిచిన పుల్లమామిడి కిందకి వెళ్ళింది. దాని కాయ కొరికితే పళ్ళు జివ్వుమంటాయి. మాగబెట్టినా పులుపు చావదు. కూలీలు పచ్చట్లోకి తప్ప దాని మొహం చూడరు.

దుర్గ కొమ్మ వంచి ఒక్కొక్క ఆకే గిల్లుతుంటే లోవమ్మ నీళ్ళ బిందెతో అటు వచ్చింది. ఇద్దరూ ఒకే రోజు పనిలో చేరినవాళ్ళు. లోవమ్మ నోట్లో నువ్వుగింజ నానదు.

"అదేంటే, దిక్కుమాలిన చెట్టుకి ఆకులు గిల్లుతున్నావ్?"

"చీడ పట్టిందే."

"చీడ పడితే మందు కొడతారు గాని, ఇలా సుతారంగా గిల్లుతారా ఎవరైనా?" లోవమ్మ సమాధానం కోసం ఆగలేదు.

వారం తిరిగాక దుర్గ మూడు రోజులు వంచిన నడుం ఎత్తకుండా పని చేసింది. టెంకమొక్కని జానెడు ఎత్తులో తెగ్గోసి, మొదలు నడిమికి చీల్చి, పుల్లమామిడి పుల్లని రెండు వైపులా మేకులా చెక్కి, బెరడుకి బెరడు తగిలేలా చీలికలో దించి, ప్లాస్టిక్ పట్టీ బిగించి చుట్టింది. పైన సన్నటి కవరు తొడిగింది. ఒక్కొక్క మొక్క పూర్తవుతుంటే లెక్క కాదు, మనసులో వాడి మొహం చూసుకుంది. ఐదేళ్ళకి తోటంతా కాస్తుంది. శిష్యులంతా చుట్టూ చేరి తొలిపండు పళ్ళెంలో పెట్టి ఇస్తారు. వాడు బుగ్గకి ఆనించుకుంటాడు, కళ్ళు మూసుకుని వాసన చూస్తాడు, కొరుకుతాడు. పులుపుకి మొహం ముడుచుకుపోతుంది. అప్పటికి పీకి పారెయ్యలేనంత చెట్లయి ఉంటాయి. పాము పగ పన్నెండేళ్ళంటారు. తనది పదిహేడేళ్ళైనా ఫరవాలేదు అనుకుంది దుర్గ.

ఆ మొక్కలకి జరిగిన సేవ ఇంకే మొక్కకీ జరగలేదు. ఎండ కాస్తే నీడకి జరిపింది. వాన కొడితే కవరు మీద కవరు కప్పింది. ఎంత చెయ్యి తిరిగినవాళ్ళు కట్టినా నూటికి ఇరవై చావాల్సిందే. ఈసారి నూట ఎనిమిదికి నూట ఎనిమిదీ చిగిర్చాయి. దొరబాబు వచ్చి చూసి, "స్వామివారి మహిమే ఇది," అన్నాడు. దుర్గ పళ్ళబిగువున నవ్వు ఆపుకుంది.

*

కార్తీకంలో మొక్కలు వ్యాన్‌లోకి ఎక్కించారు. నాటడం చూపించడానికి దొరబాబు దుర్గనే పంపాడు. ఆమె కాదనలేదు. ఉతికిన చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని బయలుదేరింది.

ధవళేశ్వరం దాటి గట్టు వెంట పోతే ఆశ్రమం. గుంటలు ముందే తవ్వి ఉంచారు. ఫణిశ్రీ ఎదురొచ్చి వ్యాన్‌లోంచి మొక్కలు తనే దించింది. ఒక్కోదాన్ని రెండు చేతులతో పట్టుకుని, దించిన ప్రతిసారీ చిగురుకి తన కొంగు తగలకుండా పక్కకి లాక్కుంటోంది.

"ఇవి నా చేతుల్లోనే ఉంటాయండి. నీళ్ళు పోసే పని స్వామివారు నాకిచ్చారు," అంది సంబరంగా. దుర్గకి ఆ పిల్లని చూస్తే ఎందుకో చిరాకేసింది. ఐదేళ్ళు పుల్లమామిడికి నీళ్ళు మోసే చేతులవి. ఆ సంగతి ఇప్పటిదాకా ఆమె లెక్కలో లేదు.

పందిరి కింద నాలుగైదు వందల మంది కూర్చున్నారు. స్వామి వచ్చాడు. గొంతు మారలేదు. సొసైటీలో ఎరువుల పేర్లు చదివినంత స్పష్టంగా చెప్తున్నాడు.

"చెట్టు కింద నిలబడి పైకి చూసేది కోరిక. కిందికి వంగి నీళ్ళు పోసేది ప్రేమ. కాస్తుందా, కాస్తే ఎవరు తింటారు అని అడగనివాడే ప్రేమించినవాడు. కోరిక పండు దాకా వచ్చి ఆగిపోతుంది. ప్రేమకి పండుతో పనిలేదు."

మాట బాగుంది. అది వాడి నోట్లోంచి రావడం దుర్గకి మరీ మంటగా ఉంది. ఆపైన అతను గొంతు తగ్గించాడు.

"పన్నెండేళ్ళ కిందట, నేను సంసారంలో ఉన్నప్పుడు, కామెర్లొచ్చి మంచాన పడ్డాను. నా చుట్టూ ఉన్నదంతా కోరికే. నా జీతం మీద కోరిక, నా శరీరం మీద కోరిక. ఆ మూడు నెలలూ ఉప్పులేని అన్నం ముద్దలు చేసి నా నోటికి అందించిన చెయ్యి ఎవరిదనుకున్నారు? మనుషులది కాదు. జగన్మాత వచ్చి తినిపించింది. ఆ చేతిని నేను కళ్ళారా చూశాను."

ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. మగవాళ్ళు చేతులు జోడించి పందిరి పైకి చూశారు. దుర్గ తన కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. వేళ్ళ మీద మామిడి జీడి సొన కాల్చిన నల్లటి మచ్చలు, బొటనవేలికి అడ్డంగా చాకు గాట్లు. కోరిక అన్నందుకు పన్నెండేళ్ళు మండింది. కాని అప్పుడు, తినిపించిన చెయ్యి మాత్రం తనకే మిగిల్చాడు. ఇప్పుడు ఆ చెయ్యి కూడా లేకుండా చేశాడు. ఐదేళ్ళు ఆగడం ఇక ఆమె వల్ల కాలేదు.

ప్రసంగం అయ్యాక తొలిమొక్క నాటడానికి స్వామి గుంట దగ్గరికి వచ్చాడు. "ఇంత చక్కగా అంటు కట్టిన తల్లి ఎవరు?" అని అడిగాడు. ఫణిశ్రీ దుర్గ మోచెయ్యి పట్టుకుని ముందుకి నడిపింది.

అతను చూశాడు. గుర్తుపట్టాడు. రెప్ప ఒక్కసారి ఆగి మళ్ళీ పడింది.

"సంతోషం అమ్మా," అన్నాడు.

కట్టుకున్నవాడి నోట అమ్మ అనిపించుకుంది దుర్గ. సన్యాసులకి ఆడవాళ్ళంతా అమ్మలే, ఆచారం తప్పని మనిషి.

"స్వామీ, ఒక్క మాట చెప్పుకుంటానండి," అంది అందరికీ వినపడేలా. "ఇవి పంచదార కలశ కాదు. పుల్లమామిడి. మా పంపుషెడ్డు వెనకాల ఉంటదండి ఆ చెట్టు. పండినా పులుపు చావదు."

జనంలో గుసగుస లేచింది. ఫణిశ్రీ దుర్గ మోచెయ్యి వదిలేసింది.

"పండు అడక్కుండా నీళ్ళు పోయడమే ప్రేమని ఇందాక తమరే సెలవిచ్చారు గదండి. పంచదార కలశకైతే ఎవరైనా పోస్తారు. కోరిక చంపుకున్నవారికి ఇవే తగినవని నా చేతులతో కట్టాను. నూట ఎనిమిదీ అవేనండి."

ముందు వరసలో ఉన్న ముసలాయన ఒకడు, "ఎంత మాట చెప్పిందయ్యా ఈ తల్లి," అని చేతులెత్తి దండం పెట్టాడు. ఆయన్ని చూసి పక్కవాళ్ళు, వాళ్ళని చూసి పందిరంతా గోవిందా గోవిందా అంది. స్వామి ఇక వద్దనడానికి లేదు. మొక్క గుంటలో పెట్టి చెంబుతో నీళ్ళు పోశాడు. చెంబు మూతి మొక్క మొదలు తప్పి పక్కకి పోయింది, నీళ్ళు అతని పాదాల మీద పడ్డాయి. అతని మొహం అచ్చం ఆమె మూడు రోజులు పుల్లలు చెక్కుతూ చూసుకున్న మొహంలాగే ఉంది.

తిరుగుదారిలో వేమగిరి వచ్చేదాకా దుర్గకి కడుపు నిండినట్టుంది. ఆ తర్వాత ఏమీ లేదు. ఐదేళ్ళు దాచుకుని తిందామనుకున్నది ఒక్క గుటకలో అయిపోయింది.

*

పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అన్నారా. పొద్దున్న దుర్గ పనిలోకి వచ్చేసరికి దొరబాబుకి ఫోన్ మీద ఫోన్ వచ్చి ఉంది. ఆమె పాక ముందు నిలబడి, స్వామి ఎవరో, తను ఏం చేసిందో దాచకుండా చెప్పింది. పనిలోంచి తీసేసినా, నాలుగు తిట్టినా పడడానికి సిద్ధపడే వచ్చింది.

దొరబాబు తిట్టలేదు. "మరి మిగతావి?" అన్నాడు.

"ఏ మిగతావండి?"

"ఈ పన్నెండేళ్ళలో నువ్వు కట్టినవి. ఒరిస్సా లారీల్లో పోయినవి, బళ్ళారి పోయినవి. ఎవరి మీద కోపమొచ్చి దేనికి ఏం కట్టావో నాకెలా తెలుస్తుంది దుర్గమ్మా? నీకు మీ ఆయన మీద పగ ఉంది, కాదన్ను. నా మొక్క ఏం చేసింది?"

కావాలంటే ఎవరినైనా అడగండి అని దుర్గకి చెప్పాలనిపించింది. ఎవరిని అడుగుతాడు? లక్షకి పైగా కట్టి ఉంటుంది. ఏ ఊళ్ళో, ఏ పెరట్లో కాస్తున్నాయో ఆమెకి తెలియదు. వాటిలో ఒక్క చెట్టు పండైనా ఆమె నాలిక మీద పెట్టుకోలేదు. తెలుసుకోవాలని కూడా ఎప్పుడూ అనిపించలేదు. కట్టింది, నీళ్ళు పోసింది, లారీ ఎక్కించింది, మర్చిపోయింది. పండు కోసం ఎదురుచూస్తూ కట్టినవి ఆమె బతుకులో ఆ నూట ఎనిమిదే.

ఆ దొంగసన్యాసి చెప్పిన మాట సరిగ్గా తన చేతికే సరిపోయిందని అప్పుడు తట్టింది. కోపంతో ఆమెకి కళ్ళనీళ్ళొచ్చాయి.

"మిగతావన్నీ నిజాయితీగా కట్టినవేనండి," అంది చివరికి.

"నువ్వు చెప్తే నమ్మేవాణ్ణి," అన్నాడు దొరబాబు. "నిన్నటిదాకా."

మధ్యాహ్నానికి ఆశ్రమం వ్యాన్ వచ్చింది. మొక్కలు తిరిగొచ్చాయి, వెంట ఫణిశ్రీ. రాత్రి నిద్ర లేనట్టుంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"జనం వెళ్ళిపోయాక స్వామివారు నన్ను పిలిచారండి. ఇవి పంపేసి పంచదార కలశే తెమ్మన్నారు. నైవేద్యానికి పులుపు పనికిరాదట," అంది దొరబాబుతో, తలెత్తకుండా.

దొరబాబు దుర్గ వైపు చూశాడు. "రెడీగా ఉన్నవన్నీ పోయిన వారం లారీకి వెళ్ళిపోయాయండి. మళ్ళీ కట్టించి ఇస్తాను. ఇది కాలం కాదు, సగం చస్తాయి. రెట్టింపు కట్టిస్తాను. పూచీ నాది."

లోవమ్మ దించిన మొక్కలు వరస పెడుతూ, "నూట ఏడే ఉన్నాయండి," అంది.

"ఒకటి నేను ఉంచుకున్నాను," అంది ఫణిశ్రీ. "రేపు మా ఊరు వెళ్ళిపోతున్నానండి. అమలాపురం దగ్గర. మా అమ్మ ఒక్కతే ఉంటోంది. అక్కడ వేసుకుంటాను."

"మంచిపనే చేశారమ్మా. ఆవకాయకి దీన్ని మించిన కాయ లేదు," అంది లోవమ్మ. ఫణిశ్రీ నవ్వబోయి ఆగిపోయి, దుర్గ దగ్గరికి వచ్చింది.

"ఆ ఉప్పులేని అన్నం తినిపించింది మీరే కదండీ?"

"ఎందుకమ్మా అలా అడిగారు?"

"జగన్మాత చెయ్యి అనగానే అందరూ పైకి చూశారు. మీరొక్కరే మీ చెయ్యి చూసుకున్నారు."

ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారని దుర్గ పన్నెండేళ్ళు కాచుకుంది. దానికి చెప్పాల్సిన జవాబు ఎన్నిసార్లు మనసులో నూరిందో లెక్కలేదు. తీరా నోటికి వచ్చింది మాత్రం వేరు.

"నేనేనమ్మా. ఆ మూడు నెలలూ నేనూ ఉప్పు తినలేదు. అది ప్రేమో కోరికో అప్పుడు నాకు తట్టలేదు. ఆయన లేచి తిరిగితే చాలనుకున్నాను. లేచి తిరిగాడు." కొంగుకి చేతులు తుడుచుకుని, "ఆ నీళ్ళు పోయడం గురించి చెప్పిన మాట మట్టుకు మంచిదే. మనిషిని వదిలేసినా మాటని ఉంచుకోండి," అంది.

ఫణిశ్రీ తలూపింది. దుర్గ ఆమెని మొక్కల వరస దగ్గరికి తీసుకెళ్ళి, ఒకదాన్ని వంచి కట్టు దగ్గర వేలు పెట్టి చూపించింది. "ఈ అతుకు మట్టిలో కూరుకుపోకూడదు. దీని కింద నుంచి చిగురు వస్తే గిల్లెయ్యండి. ఎప్పటికప్పుడు చూసుకోవాలి, వస్తూనే ఉంటుంది."

*

ఎండ వాలుతుండగా దుర్గ నర్సరీ నడిమధ్యకి వెళ్ళింది. దొరబాబు ముక్కాలిపీట తెచ్చి పంచదార కలశ తల్లి చెట్టు కింద వేసుకుని కూర్చున్నాడు. పన్నెండేళ్ళలో మొదటిసారి ఆమె చేతి పక్కన ఒక కాపలా కూర్చుంది. వద్దనడానికి దుర్గకి మొహం లేదు.

కొమ్మ వంచి, పెన్సిలంత లావు పుల్ల చూసుకుని, ఆకు గిల్లింది. తొడిమ కొంచెం మిగిల్చి, మొగ్గకి గోరు తగలకుండా గిల్లాలి. ఒక పుల్ల అయ్యాక ఇంకోటి. జీడి కారి పాతమచ్చల మీద చురుక్కుమంది. బుగ్గకి పండు ఆనించుకుని కళ్ళు మూసుకున్న వాడి మొహం ఒకసారి ఎదురుగా వచ్చింది. ఐదేళ్ళకి వాడు తింటాడు, తియ్యగానే తింటాడు. ఆమె పళ్ళు బిగుసుకున్నాయి. గోరు మాత్రం మొగ్గని తప్పించి తొడిమ దగ్గరే ఆగింది.

దొరబాబు ఆ గోరునే చూస్తున్నాడు. యాభై పుల్లలు దాటాక అడిగాడు.

"అలాంటివాడికి తీపి కడుతున్నావ్. మనసు ఒప్పుతోందా దుర్గమ్మా?"

"మనసు ఒప్పట్లేదండి," అంది దుర్గ కొమ్మ వదలకుండానే. "చెయ్యి ఒప్పింది."

దొరబాబు ఇంకో రెండు పుల్లలు అయ్యేదాకా కూర్చున్నాడు. తర్వాత లేచి, పీట చంకలో పెట్టుకుని పాకలోకి వెళ్ళిపోయాడు. దుర్గ పక్క కొమ్మ వంచుకుంది.